లేని పాప కోసం ఉపవాసం

రొట్టె నానేసిన పాలగిన్నె మూడోసారి కూడా అలాగే వెనక్కి వచ్చింది. పాల మీద మీగడ కట్టింది, రొట్టె ఉబ్బి అంచు దాకా వచ్చింది. పొద్దున్నుంచి మూడుసార్లు వేడి చేశాను, మూడుసార్లు లోపలికి మోశాను. మూడుసార్లూ మా అత్తయ్యది ఒకటే మాట, ఆ పిల్ల మాట్లాడాక తింటానని.

గిన్నెను పొయ్యి పక్కన పెడుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చారు. చొక్కా జేబులోంచి మడిచిన చీటీ ఒకటి తీసి గట్టు మీద పెట్టారు. విప్పి చదివాను. "మా పాప మాట్లాడింది. ప్రార్థన చేసినవారందరికీ వందనాలు." అంతే.

"పెట్టె తాళంచెవి నీ దగ్గరే ఉందిగా," అన్నారు. "మందిరం దాకా వెళ్లి రా. పెట్టెలో దొరికిందని అమ్మకు చూపించు. తింటుంది. గొడవ వదిలిపోతుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొడవ వదిలిపోతుందట. గొడవ తెచ్చిపెట్టింది ఎవరు మరి?

ఆ పిల్ల లేదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. అందులో నాకు తెలిసింది నిన్న సాయంత్రమే.

మా ప్రార్థన మందిరంలో తలుపు పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్లు పేరు పెట్టకుండా చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొక చీటీ తీసుకుంటాం. అది ఎవరిదో అడక్కూడదు. రాసినవాళ్లు మళ్లీ తమ చేత్తో ఒక వందన చీటీ రాసి వేసేదాకా, ఆ కష్టం మన ఇంటిదే అనుకుని ప్రార్థన చెయ్యాలి. ఇరవై ఏళ్లుగా ఆ పెట్టె తాళంచెవి అత్తయ్యదే. ఆవిడ పడిపోయాక నా దగ్గరికి వచ్చింది.

మూడు వారాల కిందట మా ఇంటికి వచ్చిన చీటీని ఆవిడే తీసి చదివి వినిపించింది. "మా పాపకు ఆరేళ్లు. మూడు నెలలుగా మాట్లాడటం లేదు. ప్రార్థించండి." ఆ రోజు నుంచే ఆవిడ ఒక పూట తిండి మానేసింది. రెండో వారం రెండు పూటలూ మానేసింది. షుగరు మాత్రలు మింగుతూ పస్తులేంటి అత్తయ్యా, ప్రభువు మిమ్మల్ని చావమన్నాడా అని పోట్లాడాను. వింటేగా. సోమవారం మందిరం మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అక్కడ సీసాలోంచి ఎక్కించిన గ్లూకోజు తిండి కిందికి రాదట, అది డాక్టరమ్మ ఎక్కించిందే గానీ తను తిన్నది కాదట. బుధవారం ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి రోజుకు అరగ్లాసు పాలు, అంతే.

నిన్న డాక్టరమ్మ ఫోను చేసి ఈయనకే చెప్పింది. శనివారం సాయంత్రానికి, అంటే ఇవాళ్టికి, కడుపులో ఏదైనా పడకపోతే మళ్లీ తీసుకురమ్మంది. ఈసారి తన చేతుల్లో ఉంటుందో లేదో చెప్పలేనంది. ఫోను పెట్టేశాక ఈయన చాలాసేపు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు బయటపెట్టారు. చీటీ తనే రాశారట. పాప లేదట. పరీక్షట.

పరీక్షలు పెట్టడం ఈయన ఉద్యోగం. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. మామూలు మనిషిలా సంచి పట్టుకుని కొట్టుకు వెళ్తారు, కిలో పంచదార కొంటారు, బయటికొచ్చి తన కాటా మీద తూస్తారు, తక్కువుంటే వెనక్కి వెళ్లి గుర్తింపు కార్డు చూపిస్తారు. ఒక కొట్టులో పెళ్లాం పోయిందని చెప్పారట, ఇంకో కొట్టులో అయిదుగురు పిల్లలన్నారట. ఇంటికొచ్చి నవ్వుతూ నాకే చెప్పారు. పని మీద ఆడే అబద్ధం అబద్ధం కాదని ఆయన సిద్ధాంతం. అదే సంచి పట్టుకుని ఇప్పుడు దేవుడి కొట్టుకు వెళ్లారన్నమాట.

"మరి తూకంలో ఏం తేలింది ఇన్‌స్పెక్టరుగారూ?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు. "నువ్వే చెప్పావుగా, పాప మాట్లాడిందని."

చెప్పాను మరి. పది మందిలో నిలబడి చెప్పాను.

నేను బట్టలకు మార్పులు చేసే దుకాణంలో పనిచేస్తాను. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. పోయిన వారం గురువారం ఒక కోటుకు పాత జిప్పు విప్పుతూ, చేతులు కుట్లు కోస్తుంటే లోపల ఆ పాప కోసం ప్రభువును అడుగుతున్నాను. ఉన్నట్టుండి మనసు దూదిలా తేలికైంది. పాప మాట్లాడేసింది, ఇక ఏడవక్కర్లేదు అని ఎవరో చెవిలో చెప్పినంత గట్టిగా అనిపించింది. సంతోషం పట్టలేక ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను. ముందు వరుసల వాళ్లు స్తోత్రం అన్నారు. వెనక గోడ దగ్గర ఈయన నిలబడి ఉన్నారు, తల్లిని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి. అంతమందిలో అత్తయ్య ఒక్కతే తల అడ్డంగా ఊపింది. రాసిన చెయ్యి వందన చీటీ రాయలేదు అమ్మాయ్, ఇంకా కాలేదు అంది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కోటూ జిప్పూ అన్నీ పొయ్యిలో పెట్టాలనిపిస్తోంది.

"ఎగతాళి చెయ్యడానికి కాదు," అన్నారు ఈయన. "నువ్వు అలా లేచి చెప్తావని నేననుకోలేదు. నెల రోజులు చూసి, ఏమీ జరగలేదుగా అని మీ ఇద్దరికీ మెల్లిగా చెబుదామనుకున్నాను. అమ్మ పస్తులుంటుందని కలగన్నానా?"

"మీ అమ్మ సంగతి మీకు తెలీదా?"

తెలీదన్నారు. ముప్ఫై తొమ్మిదేళ్ల కొడుకు.

"సరే, చీటీయే రాయాలనుకున్నారు. నడుంనొప్పి అని రాయొచ్చుగా. పాప ఎందుకు?"

"పిల్లలంటే జనం గట్టిగా ప్రార్థన చేస్తారని."

"ఆరేళ్లెందుకు?"

ఈయన గట్టు మీది చెంచా తీసి కొళాయి కింద పట్టారు. అది కడిగిన చెంచానే. మళ్లీ కడుగుతూ నిలబడ్డారు.

మాకు పిల్లల్లేరు. ఒకసారి కడుపు నిలిచి నాలుగో నెలలో పోయింది. పుట్టి ఉంటే ఇప్పటికి ఆరేళ్లు. ఆ లెక్క నేను వేసుకుంటాను గానీ పైకి అనను, ఈయనా ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఆయనే మొదలుపెట్టారు, చెంచా వైపు చూస్తూ. పన్నెండేళ్లుగా నువ్వు బిడ్డ కోసం అడుగుతున్నావు, ఏ ఆఫీసులోనైనా అర్జీ పన్నెండేళ్లు కదలకపోతే ఆ ఆఫీసు ఎప్పుడో మూతపడిందని తెలివైనవాళ్లు తెలుసుకుంటారు అన్నారు. ఈ మాట ఈ ఇంట్లో కొత్త కాదు. భోజనం దగ్గర, బస్సులో, జ్వరంతో పడుకున్నప్పుడు, ఎన్నిసార్లు విన్నానో. ఇంతకుముందు ఏడ్చేదాన్ని. ఇవాళ ఏడుపు రాలేదు, విసుగొచ్చింది.

"కొట్టువాడు నాకు సరుకు ఇవ్వనన్నాడు," అన్నాను. "ఎందుకివ్వడో చెప్పలేదు, నాకు కోపమే. ఇవ్వనన్నంత మాత్రాన కొట్టే లేదంటారా?"

"మరి గురువారం నీ చెవిలో చెప్పింది ఎవరు?"

చీటీని మళ్లీ మడిచి ఆయన జేబులోనే పెట్టేశాను. దొంగ తూకపురాయి మీద నన్ను ముద్ర వెయ్యమంటున్నారు, వెయ్యను అన్నాను. వెళ్లి నిజం చెప్పండి అన్నాను. నిజం చెబితే ఆవిడ గుండె ఆగిపోతుందన్నారు. తన కొడుకే తనకు ఇలా చేశాడని తెలిసి బతుకుతుందా అన్నారు. చెప్పకపోతే పస్తుతో పోతుందన్నాను. అందుకేగా చీటీ అన్నారు. గానుగెద్దులా తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

రెండింటికి పాస్టరుగారు వచ్చారు. లోపల అత్తయ్య పక్కన కూర్చుని ప్రార్థన చేసి, బయటికొచ్చి చెప్పులు వేసుకోబోతుంటే నేనే ఆపాను. వసారాలో నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈయన కిటికీ అవతల ఉన్నారు, వింటున్నారు.

పాస్టరుగారు మంచి మనిషి. ఎవరి ఇంట్లో ఏం జరిగినా మొదట పరుగెత్తుకొచ్చేది ఆయనే. నేను చెప్పిందంతా విని, అరుగు మీద కూలబడ్డారు. తర్వాత, పెద్దావిడ ప్రాణం ముఖ్యం కదమ్మా, ఆ వందన చీటీ చూపిస్తే పోయేదేముంది అన్నారు. సంఘానికి కూడా ఇప్పుడే తెలియనివ్వొద్దన్నారు. నీ సాక్ష్యం విని ఇద్దరు ముగ్గురు బలపడ్డారు, వాళ్ల సంగతేంటి అన్నారు. నిజం చెప్పడానికి ఒక సమయం ఉంటుందన్నారు. ఎప్పుడండీ ఆ సమయం అంటే, ఆవిడ కోలుకున్నాక అన్నారు. కోలుకున్నాక ఎవరు చెప్తారు? నేను ఈ లోకంలో పుట్టి పెరగలేదా?

దేవుడు లేడనే ఈయనా, దేవుడి సేవ చేసే ఆయనా పన్నెండేళ్లలో మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. ఆ మాట అబద్ధం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గురువారం నాకు అనిపించింది మరి ఏంటండీ?" అని అడిగాను.

పాస్టరుగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "నాకూ అలా చాలాసార్లు అనిపించిందమ్మా. కొన్ని నిజమయ్యాయి."

"మిగతావి?"

"మిగతావి ఎవరికీ చెప్పలేదు."

ఆ ఒక్క మాటకు ఆయన మీద కోపం సగం దిగింది. మీరేం చెయ్యమంటే అది చెయ్యనండీ, ఏమనుకోకండి అన్నాను. ఏమీ అనుకోనమ్మా, ప్రార్థన చేస్తాను అని వెళ్లిపోయారు.

వెళ్లి అంట్లు ముందేసుకున్నాను. మూడు వారాల అలవాటు, చేతులు నీళ్లలో పడగానే నోరు దానంతటది ఎత్తుకుంది. ప్రభువా, ఆ పాప. అంతవరకే వచ్చి ఆగిపోయింది. ఏ పాప? ఇన్నాళ్లూ ఎవరి కోసం అడిగాను? ఎవరిని అడిగాను? ఈయన పన్నెండేళ్లు మాటలతో చెయ్యలేనిది ఒక చీటీ ముక్కతో చేసేశారని భయం వేసింది.

అప్పుడు తిట్టాను. ఈయన్ని కాదు, పైవాణ్ణే. మూడు వారాలు విన్నావుగా, పాప లేదమ్మా అని ఒక్క ముక్క చెప్పడానికి నీకేమైంది? ముసలావిడ మాడుతుంటే చూస్తూ కూర్చున్నావా? నన్ను అంతమందిలో ఎందుకు లేపావు, నువ్వు లేపకపోతే నేను లేస్తుంటే ఎందుకు కూర్చోబెట్టలేదు? పళ్లెం మీద పళ్లెం గట్టిగా పెడుతూ కడిగేశాను. కళ్లు తుడుచుకున్నాక తెలిసింది, ఎదురుగా ఎవరో ఉన్నట్టే తిట్టానని. లేనివాణ్ణి ఎవరూ అంతసేపు తిట్టరు. ఋజువు కాదది, నాకు తెలుసు. ఈయన కాటా మీద పెడితే గ్రాము కూడా తూగదు. కానీ నాకు ఆ పూటకు అదే మిగిలింది, దాన్నే పట్టుకున్నాను.

పాలు మళ్లీ వేడి చేసి, కొత్త రొట్టె తుంచి వేసి, ముందు గదిలోకి వెళ్లి ఈయన ముందు నిలబడ్డాను. లేవండి అన్నాను. ఎందుకన్నారు. మీరు చెప్పకపోతే నేను చెప్తాను, నా నోటి నుంచి వింటే ఆవిడకు ఇంకా నరకం, లేవండి అన్నాను. లేచారు.

అత్తయ్య గోడకు దిండు చేర్చుకుని కూర్చుని ఉంది. మూడు వారాల్లో మనిషి సగమైంది. ఒళ్లో బైబిలు, దాని మీద కళ్లజోడు. నా చేతిలో గిన్నె చూసి ముఖం తిప్పుకుంది. వెనక కొడుకును చూసి మళ్లీ ఇటు తిప్పింది.

ఈయన స్టూలు మీద కూర్చున్నారు.

"అమ్మా, ఆ చీటీ నేనే రాశాను."

"తెలుసు," అంది అత్తయ్య.

గిన్నెను మంచం పక్కన కింద పెట్టేశాను.

"ఎడమ చేత్తో రాశాను కదా," అన్నారు ఈయన, ఇంకేమనాలో తెలియనట్టు.

"నీకు అక్షరాలు దిద్దించింది ఎవరనుకున్నావు? రెండేళ్లు ఆ చేత్తోనే దిద్దావు. బళ్లో పంతులు కొట్టి కుడిచేతికి మార్చాడు. ఈ చేతిరాత నీ పెళ్లాం పోల్చలేకపోవచ్చు, నాకు తెలీదా?" ఆవిడ బైబిల్లోంచి చీటీ తీసి దుప్పటి మీద పెట్టింది. "దాచింది చాల్లేరా నాన్నా. పిల్ల ఎక్కడుంది?"

"ఏ పిల్ల?"

"నీ పిల్ల."

వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు.

తర్వాత ఆవిడ మెల్లిగా, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పుకొచ్చింది. వాళ్ల నాన్న పోతున్నప్పుడు కూడా వీడు మోకాలు వంచలేదు. ఇరవై ఏళ్లుగా ప్రభువు పేరెత్తితే లేచి పోతాడు. అలాంటివాడు చెయ్యి మార్చుకుని మరీ చీటీ రాశాడంటే కన్నబిడ్డ కోసం తప్ప ఎవరి కోసం రాస్తాడు? నెలకు మూడు రోజులు కాంపు కాంపని పోతాడు. ఎక్కడో ఒక ఇల్లుంది, అక్కడొక పిల్ల ఉంది, ఆ పిల్లకు మాట పోయింది. వీడు తప్పు చేశాడు, సరే. పిల్లేం చేసింది? నా మనవరాలు. ముఖమైనా చూడలేదు, పస్తైనా ఉండకూడదా?

"నీకు తెలిస్తే తట్టుకోలేవని చీటీ నీ చేతికివ్వలేదు అమ్మాయ్," అంది నా వైపు తిరిగి. "పెట్టె తెరుస్తూనే పోల్చుకుని మన ఇంటికి అదే తీసుకున్నాను, చదివి దాచేశాను. నన్ను క్షమించు."

ఈ మనిషి నా కోసం ఇదంతా ఒక్కతే మోసింది. మోసింది అబద్ధాన్ని. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియడం లేదు నాకు.

ఈయన స్టూలు ముందుకు జరిపారు. "అమ్మా, పిల్ల లేదు. కల్పించి రాశాను. మీ దేవుడు వింటాడో లేదో చూద్దామని రాశాను."

"ఇంత జరిగాక కూడా దాస్తావేంట్రా?"

"దాచడం లేదు. నిజంగా లేదు."

"దేవుడికి పరీక్ష పెట్టడానికి రాసినవాడివైతే ఆ రోజు నేను పడిపోతే ఎందుకు ఏడ్చావు? ఆసుపత్రిలో గోడవైపు తిరిగి ఏడ్చావు, చూశాను. బిడ్డ ఉన్న తండ్రి ఏడుపది."

ఈయన కాంపు డైరీ తెస్తానన్నారు. అన్ని కొట్ల సంతకాలూ తేదీలూ ఉంటాయి చూడమన్నారు. ఆ కాగితాలు రాసేది నువ్వేగా అంది ఆవిడ. ఫోను తీసి ఒళ్లో పెట్టారు, అందులో ఎవరి నంబరు కావాలంటే వాళ్లకు చెయ్యమన్నారు. ఆవిడ దాన్ని ముట్టుకోనైనా లేదు. చివరికి ఒళ్లో ఉన్న బైబిలు మీద చెయ్యి పెట్టబోయారు.

ఆవిడ పుస్తకం పక్కకు జరిపేసింది. "నువ్వు లేడనేవాడి మీద ఒట్టేస్తే అది ఎవరికిరా చెల్లేది?"

"నన్ను నమ్మమ్మా," అన్నారు ఈయన.

ఆ మాట ఈయన నోట నేనెన్నడూ వినలేదు. చూపించండి, తూచండి, ఋజువేది, ఇవే విన్నాను. గొంతు పిల్లాడి గొంతులా అయిపోయింది. చేతులు మోకాళ్ల మీద ఊరికే పడి ఉన్నాయి. చూపించడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు. లేని పిల్లను లేదని ఎలా చూపిస్తారు?

అత్తయ్య కొడుకును వదిలేసి నన్ను చూసింది.

"నువ్వు చెప్పు అమ్మాయ్. నువ్వు అబద్ధమాడవు. పిల్ల ఉందా, లేదా? నువ్వు లేదంటే తింటాను."

ఇదెక్కడి న్యాయం? తల్లీకొడుకుల మధ్య తగువు తెచ్చి నా నెత్తిన పెట్టారు. వంటింట్లో ఆరేళ్లెందుకని అడిగితే ఈయన చెంచా కడిగారు. ఆ మౌనం నాకు అర్థమైందనుకున్నాను. పోయిన మా బిడ్డ లెక్కే అది అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అదే మౌనం ఇంకోలా కూడా ఉంది. నెలకు మూడు రోజులు. పన్నెండేళ్లు. కొట్లో నిలబడి అయిదుగురు పిల్లలని చెప్పి, ఆ పిల్లల పేర్లు కూడా తడుముకోకుండా చెప్పగల మనిషి. లేదనడానికి నా దగ్గర ఏముంది? ఆయన మాట ఉంది. అంతే ఉంది.

ఈయన వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. ఎత్తితే నన్ను బతిమాలినట్టవుతుందని కాబోలు, నేల చూస్తూ కూర్చున్నారు.

వంటింట్లో అంట్ల ముందు నిలబడ్డప్పుడూ ఇంతే. పట్టుకోవడానికి ఏమీ కనిపించలేదు. అయినా చెయ్యి వదల్లేదు.

"లేదు అత్తయ్యా," అన్నాను. "పిల్ల లేదు."

"నీకెలా తెలుసు?"

"తెలీదు. నమ్ముతున్నాను."

ఆవిడ ముసలి కళ్లు నా ముఖం మీద నుంచి కదల్లేదు. "పోయిన ఆదివారం ఆ పిల్ల మాట్లాడిందని కూడా నమ్మే చెప్పావు."

చెంప మీద కొట్టినట్టయింది. ఈయనకు కూడా అయిందనుకుంటా, తల ఎత్తారు.

"చెప్పాను. తప్పు చెప్పాను," అన్నాను. "అది నాకు ఇష్టం కాబట్టి నమ్మాను అత్తయ్యా. ఎక్కడో ఒక పాప మాట్లాడితే నాకు సంతోషం, అందుకని తొందరపడి నమ్మేశాను. ఇది అలా కాదు. ఇది నమ్మడం నాకు కష్టంగా ఉంది. కోపంగా ఉంది. ఈయన్ని చూస్తే ఒళ్లు మండుతోంది. అయినా నమ్ముతున్నాను."

ఆవిడ గిన్నె కోసం చెయ్యి చాపింది. నేనే చెంచాతో పట్టాను. ఒక చెంచా మింగింది. రెండోది మింగింది. నాలుగో చెంచా దగ్గర ఏడ్చింది, ఉన్న మనవరాలు పోయినట్టే ఏడ్చింది. మూడు వారాలు ఆ పిల్లకు ఆవిడ ఒక ముఖం ఇచ్చుకుని ఉంటుంది, రెండు జడలు వేసి ఉంటుంది, ఇప్పుడు ఒక్కసారిగా లేదంటే ఎలా? నేనూ ఏడ్చాను. ఈయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు.

గిన్నె ఖాళీ అయ్యాక ఆవిడ మూతి తుడుచుకుని, కొడుకు వీపు వైపు చూస్తూ నాతోనే అంది.

"నేను తిన్నది వాణ్ణి నమ్మి కాదు అమ్మాయ్. నిన్ను నమ్మి. రేపు సంఘం ముందు వాడే లేచి ఇదంతా చెప్పాలి. చెప్పకపోతే, పిల్ల ఉన్నట్టే నాకు."

దుప్పటి కప్పి బయటికొచ్చాను. ఈయన వెనకే వచ్చారు. నడవలో నన్ను దాటి ముందుకెళ్లి, ఆగి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. రేపటి గురించి అడుగుతారనుకున్నాను. అడగలేదు.

"నిజంగా నమ్మావా?" అన్నారు. "అమ్మ తినాలని అన్నావా?"

తూకం మానుకోలేరు ఈ మనిషి. చేతిలో ఖాళీ గిన్నె ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏం చేసేదాన్నో.

"ఇప్పుడు నమ్మాను," అన్నాను. "రేపు పొద్దున లేచి మళ్లీ మొదట్నుంచీ నమ్మాలి. ఎల్లుండి మళ్లీ. పన్నెండేళ్లుగా మీ పక్కన లేచి పైవాడి విషయంలో నేను రోజూ చేస్తున్నది అదే. ఇవాళ్టి నుంచి ఆ పని రెండింతలైంది."